అత్త పళ్లెంలోని పండగ వరి

ముప్పై అయిదైనా నిండకుండా జ్ఞాపకాలు రాయడం తొందరపాటే, కానీ మొన్న మా వీధి అమ్మవారి పండగకు వరి వసూలుకొచ్చినతను మేనత్త గుమ్మం ముందు క్యూఆర్ అట్ట పట్టుకుని నిలబడినప్పుడు, ఆమె చేతిలోని ఇత్తడి పళ్లెం చూసి పాత రోజులన్నీ వరస కట్టాయి.

వరి అంటే మా పుదుచ్చేరిలో ఇంటింటికీ వేసే పండగ చందా. పసుపు కుంకుమలతో పళ్లెంలో పెట్టి ఇస్తే పెద్దలు చేత్తో అందుకుంటారు. ఎవరి పళ్లెంలోంచి అందుకుంటే వాళ్లే వీధి మనుషులు.

నేను సేదరపేట్‌లో కొత్తగా ఉద్యోగానికి పోతున్న రోజుల్లో అత్త కొడుకు, అంటే మా బావ, జైలు నుంచి వచ్చాడు. తను నడిపే షేర్ ఆటోలో బడికి తీసుకుపోయే పిల్ల మీద చెయ్యి వేసి లోపలికి పోయినవాడు. ఆ పిల్లదీ మా వీధే. పిల్ల తల్లిదండ్రులు ఇంటికి తాళం వేసి ఎటో పోయారు. బావ పేరు పోలీసుల నేరస్థుల జాబితాకెక్కింది. మా పెద్దలకు అది చాలలేదు; సభ పెట్టి, ఆ జాబితాలో పేరున్న ఇంటికి వరి రెండింతలన్నారు. అలాంటి ఇల్లు ఒక్కటే ఉంది కాబట్టి ఈ చట్టం మీద చర్చ పెద్దగా జరగలేదు.

బావ మేట్టుపాళయం గోడౌనులో పనికి చేరి అక్కడే ఉండిపోయాడు. రెండింతల వరి కట్టింది అత్త, ఇడ్లీలమ్మి. ఆమె పళ్లెం చాస్తే వీధి పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని, తిన్నె మీద పెట్టు మ్మా, అనేవాడు. ఆమె పక్కకు జరిగాక తీసుకునేవాడు. అంటు పళ్లేనికే, దుడ్డుకు లేదు. నాకు కోపం రావాల్సింది. ఆకలి వేసినట్టు గుర్తు.

ఒక ఏడు అత్త అడిగింది.

“ఎక్కువ తీసేది ఆ పిల్లకి పోతాదా అన్నా?”

“యాడ పోతాది మ్మా? సీరియల్ లైట్లకి పోతాది.”

తాళం వేసిన ఆ ఇంటికీ లైట్లు కట్టారు, అన్ని ఇళ్లతోపాటు.

మొన్న వచ్చింది ఆ పెద్దాయన కొడుకు. అత్త తరఫున నేను ఫోను తీసి ఒక్క వంతు కొట్టబోయాను.

“రెండు కొట్రా. ఎవురన్నా మాఫీ చేసినారా?” అంది అత్త.

కొట్టాను. ఫోను టింగుమంది, అతను తలూపి పక్కింటికి పోయాడు. అక్కడా ఆ క్యూఆర్ అట్టనే చూపించాడు. అత్త పళ్లెం పట్టుకుని చూస్తూనే ఉంది.

“ఇంక యా ఇంట్లోనూ పళ్లెంలో తీసుకోరా?”

“యా ఇంట్లోనూ తీసుకోరత్తా.”

“సరే అయితే,” అంది, ఇన్నేళ్లకు అందరితో సమానమైన మనిషిలా. పళ్లెం తుడిచి నా చేతికిచ్చి అటక మీద పెట్టమంది.

ఆ రోజుల్లో వీధి మనిషిని చేత్తోనే దగ్గరికి తీసేది, చేత్తోనే నెట్టేది. ఇప్పుడు రెండింటికీ చెయ్యి అక్కర్లేదు, మారింది అంతే. సాయంత్రం లైట్లు వేశారు. తాళం వేసిన ఇంటి మీద కూడా చక్కగా వెలిగాయి.