పెద్దల ముద్ద

ప్రొద్దుటూరు హోటల్లో ఎవరో ముట్టకుండా వదిలేసిన సంగటి ముద్ద కనిపిస్తే నాకు మా ఇంటి జొన్నల గాదె గుర్తొస్తుంది.

ఊరు రెండు పార్టీలుగా చీలిన ఏడు అది. ఇంట్లో ఉన్నది నలుగురం. అమ్మ మాత్రం రోజూ ఐదు ముద్దలు చేసేది. ఐదోదాని మీద ఇంత చెనిక్కాయల పచ్చడి, మా ఊరిబిండి, పెట్టి, తట్టను గాదె పక్కన ఉంచేది.

"అది ఎవురికమ్మా?"

"పెద్దలకు. నువ్వు ఆ పక్క చూడాకు."

పెద్దలంటే మా ఇండ్లలో చచ్చిపోయినోళ్లు. పోయిన మా తాత, జేజినాయన, వచ్చి తింటాండాడనుకున్నా. కాసేపటికి తట్ట ఖాళీగా ఉండేది. ఒకసారి గాదె లోపల్నుంచి దగ్గు వినిపించింది. ఊరిబిండి కారానికి జేజినాయనకు పొలమారిందనుకున్నా.

ఒకరోజు ముద్ద అట్లే ఉండిపోయింది. అమ్మ మెతుకు పారేసే మనిషి కాదు. మరుసటి పొద్దున దాన్ని మజ్జిగలో పిసికి, నంజుకోను ఎర్రగడ్డ చేతికిచ్చి, నన్ను తినమనింది.

"పెద్దలకు ఆకలి తీరిందామ్మా?"

అమ్మ ఆ తట్టను కడిగి బోర్లించింది.

గాదెలో దాక్కున్నది మా చిన్నాయనని, ముద్ద మిగిలిన రోజే ఆయన్ను ఎదుటి పార్టీవోళ్లు జమ్మలమడుగు దావలో నరికేసినారని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. అమ్మ చెప్పిన అబద్ధం ఆ రోజు నిజమైంది.

ఆ ముద్ద నేనే తిన్నాను. చల్లగా, శానా రుచిగా ఉండింది.