కొత్త హైస్కూలూ, నేను చెప్పిన అడ్రసూ

టాటానగర్‌లో మా పేట భుయ్యాడీహ్‌లో కొత్త హైస్కూలు తెరిచినప్పుడు ఏ సందు పిల్లలు ఏ బడికి వెళ్ళాలో మళ్ళీ మొదటి నుంచి పంచారు. అంతవరకూ మా పిల్లలు సీతారాండేరా బడి దాకా నడిచేవాళ్ళు. ఇప్పుడు మా సందు మొత్తం కొత్త బడి కిందికి వచ్చింది. గేటుకి అంటించిన జాబితాలో అందరి పేర్లూ ఉన్నాయి. మా మనవరాలి పేరు మాత్రం గోవింద్‌పూర్ బడి జాబితాలో తేలింది.

గోవింద్‌పూర్ అంటే రెండు ఆటోలు మారాలి. మా కోడలు పొద్దున్నే డ్యూటీకి పోతుంది. నా మోకాళ్ళ సంగతి సరేసరి. "దింపే మనిషి లేడు మావయ్యా. పేరు మారకపోతే ఎనిమిదితో సదువు ఆపేయడమే" అంది కోడలు. మార్పులకి శనివారం దాకా గడువు.

నా అనుమానం సూటిగా ఎదురింటి బావ మీదికి పోయింది. బావంటే చుట్టం కాదు. ఇద్దరిదీ శ్రీకాకుళం వైపే, ఇద్దరం టాటానగర్ రైల్వేలో చేసి రిటైరైనవాళ్ళం. వానాకాలంలో బడి పిల్లల లెక్క కోసం ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నవాళ్ళు అతని అరుగు మీదే కూర్చుని చాయ్ తాగారు. జాబితాలో మొదటి పేరు అతని మనవడిదే. ఇంకేం సాక్ష్యం కావాలి?

చాయ్ దుకాణంలో చెప్పాను. పదిమంది కొలత టేపులతో దిగారనీ, బావ వాళ్ళ చేతిలో పెన్ను లాక్కుని మా ఇంటిని జాబితాలోంచి కొట్టేశాడనీ. మూడోసారి చెప్పేటప్పటికి మిఠాయి డబ్బా కూడా చేరింది.

"నువ్వు సూసావేటి?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"ఈ కళ్ళతో సూసాను."

తిరిగి చూస్తే బావ. కోపం లేదు, అదే నన్ను మరీ ఇబ్బంది పెట్టింది. "నీ మనవరాల్ని కొట్టేత్తే నాకేటొత్తాది బావా? ఆల్లు నీ గుమ్మంలోకీ వచ్చారు గదా. ఏటి సెప్పావు?"

చాయ్ అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాను.

వచ్చింది పదిమంది కాదు, ఇద్దరు. టేపు లేదు, ఒక రిజిస్టరూ ఒక గొడుగూ. గొడుగు పట్టుకున్నావిడ టీచరమ్మ. కాని మావి సువర్ణరేఖ నది ఒడ్డున కాగితాల్లేని ఇళ్ళు. రిజిస్టరు పట్టుకుని ఎవరొచ్చినా కూల్చడానికే వచ్చారని మా సందు నమ్మకం. అందుకని ఈ ఇల్లు మాది కాదన్నాను. చుట్టపుచూపుగా వచ్చామనీ, మా సంసారమంతా గోవింద్‌పూర్‌లో కూతురింట్లో ఉంటుందనీ హిందీలో దంచాను. పిల్లలున్నారా అని అడిగితే, ఒక మనవరాలు ఉంది, అదీ అక్కడే అన్నాను. ఆవిడ నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. నా తెలివికి ఆ రోజంతా మురిసిపోయాను.

ఇంట్లో ఒప్పుకున్నాక, అయితే ఆ మాట చెప్పింది నువ్వేనా అని మనవరాలు హిందీలో అడిగింది. "తాతా, తో ఆప్ హీ బోలే థే?" అని లోపలికి పోయింది.

శుక్రవారం బడికి వెళ్ళాను, పిలవకుండానే బావ తోడు వచ్చాడు. కుర్చీలో ఆ టీచరమ్మే. ఒక కాగితం ముందుకు తోసి, ఈ ఇంట్లో ఎన్నేళ్ళుగా ఉంటున్నారో రాసి సంతకం పెట్టండి అంది. ముప్ఫై ఏళ్ళుగా నేను తప్పించుకు తిరిగిన కాగితం అదే. అది ఎక్కడికి పోతుందని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ వెనకనున్న అల్మారా చూపించింది.

ఒక్క గీతలో సంతకం కొట్టానని సందులో చెప్పాను. నిజానికి పెన్ను పట్టుకుని కూర్చుండిపోయాను. పక్కనున్న బావ కాగితం తన వైపు తిప్పుకుని, కింద సాక్షిగా ముందు తన పేరూ, తన ఇంటి అడ్రసూ రాశాడు. "ఇప్పుడు పెట్టు. కూలిత్తే రెండిళ్ళూ కూలతాయి" అన్నాడు. అప్పుడు పెట్టాను.

మనవరాలు రోజూ కొత్త బడికి నడిచి పోతోంది. పుస్తకాల సంచి మోసే వంకతో నేనూ గేటు దాకా వెళ్తాను. ఆఫీసు కిటికీలోంచి ఆ అల్మారాకి తాళం ఉందో లేదో చూసుకుని గాని తిరిగి రాను.