దాణా పాట

మా బాబాయి పోలీసు గుర్రాలకి దాణా పెడతాడు. ఎంత స్నానం చేసినా ఒంటి మీంచి తడిగడ్డి వాసన పోదు. మనుషుల మీద కోపమొస్తే గుర్రాలతో మాట్లాడతాడు, గుర్రాల మీద కోపమొస్తే ఎవరితోనూ మాట్లాడడు.

ఈమధ్య కొత్త గుర్రాలొచ్చాయి. ఫుట్‌బాల్ జనం గోలకి బెదిరి రౌతుల్ని కింద పడేస్తున్నాయి. ఆ గోలకి అలవాటు చెయ్యమన్నాడు ఇన్‌స్పెక్టర్. ఎలాగో చెప్పలేదు, పైవాళ్లెప్పుడూ చెప్పరు. బాబాయికి తోచింది ఒకటే. మా ఊరి జట్టు అభిమానుల పాట స్పీకర్లో పెట్టి, అది మోగుతున్నంతసేపూ దాణా పోశాడు. మొదట్లో అవి గోడలు తన్నాయి. తర్వాత తిన్నాయి. ఆ తర్వాత పాట ఎత్తుకోగానే తొట్టి మీదికి తోసుకొచ్చేవి. ఇన్‌స్పెక్టర్ భుజం తట్టి పోయాడు.

ఫైనల్‌కి ముందు రోజు బాబాయి కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"ఏమైంది బాబాయ్?"

"పక్క రోడ్డు మీద కుర్రాళ్లెవరో ఆ పాట పాడుకుంటూ పోయార్రా. నల్లగుర్రం తలుపు బద్దలు కొట్టి వాళ్ల మీదికే పోయింది. గోడెక్కి బతికారు."

"ఇన్‌స్పెక్టర్‌కి చెప్పలేదా?"

"చెప్పా. భయం పోయిందన్నమాట, శభాష్ అన్నాడు."

ఆయన కూతురు, మా చెల్లి, గుమ్మంలో జడేసుకుంటోంది. ప్రతి మ్యాచ్‌కీ ముందు నిలబడి పాట ఎత్తుకునేది అదే.

"రేపు పాడకు తల్లీ," అన్నాడు బాబాయి.

"పాడకుండా వెళ్లి ఏం చెయ్యను, నీ గుర్రాలకి జడలెయ్యనా?"

"అసలు వెళ్లకు."

"లాఠీలతో కొడతారంటే నమ్ముతా. గుర్రానికి ఆకలేసి మీదికొస్తుందంటే ఎవరు నమ్ముతారు నాన్నా?"

మర్నాడు ఆయన నిద్ర లేచేసరికే వెళ్లిపోయింది. నన్ను లాక్కుని స్టేడియానికి పరిగెత్తాడు.

తనిఖీ అని చెప్పి పోలీసులు జనాన్నంతా ఒక సందులోకి తోలి ఆపేశారు. ఓ పక్క గోడ, ఓ పక్క ఇనప కంచె, చివర మూసిన గేటు. పశువుల దొడ్డి నయం, దానికి కాస్త గాలైనా ఆడుతుంది. సందు మొదట్లో గుర్రాలు నిలబడి ఉన్నాయి. డ్యూటీ అయ్యేదాకా వాటికి దాణా పెట్టరు, అది రూలు.

మేం కంచె బయటే ఆగిపోయాం. చెల్లి కంచెకి కాస్త అవతల, సందులో, ఎవరి భుజాల మీదో కూర్చుని ఉంది. బాబాయి పిలిచేలోపే ఎత్తుకుంది. సందంతా అందుకుంది.

గుర్రాల చెవులు నిక్కబొడుచుకున్నాయి. రౌతులు పగ్గాలు బిగించారు. అయినా అవి అడుగు ముందుకేశాయి.

"మన మీదికి వదుల్తున్నార్రా, గట్టిగా పాడండి, బెదిరేదెవడు," అన్నాడెవడో. పాట రెట్టింపైంది.

బాబాయి కంచె పట్టుకుని ఊపుతూ అరుస్తున్నాడు, "ఆపండి బాబూ, పాట కోసమే వస్తున్నాయి, నోళ్లు మూసుకోండి."

"పోలీసుల మనిషంట, మనల్ని నోరు మూసుకోమంటున్నాడు," అని ఒకడు నవ్వి, ఆయన మొహంలో మొహం పెట్టి పాడాడు.

చెల్లి చూసింది. ముందు నాన్నని, తర్వాత నల్లగుర్రాన్ని. నోరు మూసుకుని భుజాల మీంచి కిందికి జారింది. పక్కవాళ్ల చొక్కాలు పట్టి కుదుపుతూ ఏదో చెప్తోంది. పాట ఎత్తుకునే మనిషి వాళ్లకి అక్కర్లేదిప్పుడు, వాళ్లే పాడుకుంటున్నారు.

నల్లగుర్రం మెడ చాపి నడక మానేసి పరుగందుకుంది.