తిన్నగా కూర్చున్న స్టీరింగు

ఎన్నో ఏళ్ళుగా నేను మోస్తున్న బరువు ఏమిటో చెబితే నవ్వుతారు. ఒక కారు స్టీరింగు. దాని బరువెంత? ఒంటిచేత్తో ఎత్తి బల్ల మీద పెట్టవచ్చు. నేను మాత్రం దాన్ని ఇప్పటికీ దించలేకపోతున్నాను. నా పేరు చెప్పను. చెప్పే ధైర్యమే ఉంటే అప్పుడే చెప్పి ఉండేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

యుద్ధం నాటి మాట. తిరుపతిలో నాకు చిన్న మోటారు షెడ్డు ఉండేది. మద్రాసు నుంచి సామాన్లు రావడం ఆగిపోయిన రోజులు. ఉన్నదాన్నే కాల్చి, కొట్టి, సాగదీసి పని జరిపించేవాళ్ళం. నాకు పని బాగా వచ్చు. వచ్చునని నాకూ తెలుసు, అదే నా రోగం.

దేవదానం చిత్తూరులో ఒక బెల్లం మండీ యజమాని దగ్గర డ్రైవరు. మా ఇద్దరిదీ ఒకే ఈడు. క్రైస్తవుడు. కల్లు చుక్క ముట్టడు. ప్రతి మలుపు ముందూ లోలోపల ప్రార్థన చేసుకునే మనిషి, దానికి నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆ రోజు యజమాని బావమరిదిని తిరుపతిలో దించి, ఆయన పని ముగించుకునేలోపు కారును నా దగ్గరికి తెచ్చాడు. వచ్చే దారిలో పాకాల దగ్గర ముందు చక్రం రాయెక్కిందట. అప్పటి నుంచి బండి తిన్నగా పోవాలంటే స్టీరింగును ఎడమకు వంచి పట్టుకోవలసి వస్తోంది.

స్టీరింగు వంకరగా నిలిస్తే లోపం స్టీరింగులో ఉండదు. దాన్ని చక్రాలకు కలిపే కడ్డీలో ఉంటుంది. బండి కిందికి దూరి, కడ్డీ ఊడదీసి, వంగిందా చిట్లిందా అని చూసి, సరిచేసి మళ్ళీ బిగించాలి. సగం పూట పని. ఇది నాకు తెలియనిది కాదు.

కానీ ఆ రోజు గంగజాతరలో తోటివేషం. చిన్నప్పుడు నాకు అమ్మవారు పోస్తే మా అమ్మ మొక్కిన మొక్కు. ఏటా ఒళ్ళంతా బొగ్గు పూసుకుని, వేపమండలు కట్టుకుని వీధులు తిరగాలి. డప్పులు వినిపిస్తున్నాయి. నా మనసు అప్పటికే అక్కడికి వెళ్ళిపోయింది.

దేవదానం రేడియేటరుకు నీళ్ళు తేవడానికి బావి దగ్గరికి వెళ్ళాడు. నేను స్టీరింగు నడిమి మర విప్పి, స్టీరింగును పైకి లాగి, కాస్త పక్కకు తిప్పి మళ్ళీ కూర్చోబెట్టి బిగించేశాను. బీడీ కాలేంత సేపు కూడా పట్టలేదు. చూడ్డానికి తిన్నగా ఉంది. కడ్డీ వైపు కన్నెత్తి చూడలేదు.

"అప్పుడే అయిపోయినాదా అబ్బా? కింద కడ్డీ సూసినావా?" అన్నాడు దేవదానం.

"సూసినాలే. అంతా బాగుండాది."

"నువ్వు సూసినానంటే సాలు. రాయి తగిలినప్పటి నుంచి గుండె గుబగుబలాడతాండాది. పొయ్యేటప్పుడు గూడా నిదానంగా పోదామనుకుంటి."

"ఎద్దులబండి మాదిరి పోవడం యాల? దిగులు లేకుండా తోలుకో."

ఆ చివరి మాట నన్ను వదల్లేదు. స్టీరింగు వంకరగా ఉన్నంతసేపూ అతను భయపడ్డాడు, భయంతో బండిని అదుపులో పెట్టుకుని తెచ్చాడు. ఆ వంకరే అతనికి కాపలా. నేను దాన్ని తీసేశాను. నాకన్నా ముందు ఆ బండికి వేషం వేసి పంపించి, తర్వాత తీరిగ్గా వెళ్ళి బొగ్గు పూసుకుని ఎగిరాను.

చిత్తూరు దారిలో ఒక పల్లపు మలుపు దగ్గర కడ్డీ విరిగింది. కారు రోడ్డు దిగి చింతచెట్టుకు గుద్దుకుంది. వెనక సీట్లో నిద్రపోతున్న బావమరిదికి భుజం విరిగింది. దేవదానం కుడిచెయ్యి నుజ్జయింది. బతికాడు గానీ ఆ వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు.

కారును ఎద్దులతో లాగించి నా షెడ్డుకే తెచ్చారు. విరిగిన చోట కడ్డీ సగం మేర మట్టి పట్టి నల్లగా ఉంది, మిగతా సగం కొత్తగా మెరుస్తోంది. పాత పగులు అది. చూస్తే కనిపించేది. యజమాని వచ్చి, ముందే ఏమైనా లోపం ఉందా అని అడిగాడు.

"కడ్డీ సెట్టుకు తగిలి ఇరిగినాది సామీ. నేను పంపించినప్పుడు స్టీరింగు తిన్నగానే ఉండినాది," అన్నాను.

అయితే వాడు తాగి ఉంటాడు అన్నాడాయన. నేను అవుననలేదు. కాదనలేదు. నోరు మూసుకుంటే పాపం అంటదని అనుకున్నానా? ఏమో. ఆ క్షణంలో నాకు నా షెడ్డు తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

దేవదానం ఉద్యోగం పోయింది. తాగుబోతన్న పేరు మిగిలింది. చర్చి పెద్దలు కూడా కూర్చోబెట్టి బుద్ధి చెప్పారట. అతను వచ్చి నన్ను నిలదీస్తాడని రోజూ భయపడ్డాను. రాలేదు. అడిగినవాళ్ళందరికీ ఏమని చెప్పుకున్నాడో తెలుసా? షెడ్డు మేస్త్రీ చూసే పంపినాడు, బండిలో తప్పు లేదు, నాకే కునుకు పట్టి ఉంటుంది అని. నా మాటను నమ్మి, తాను మేలుకునే ఉన్నానన్న సంగతిని నమ్మడం మానేశాడు. నన్ను తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి.

తర్వాత తిరుపతి స్టేషను దగ్గర ఒక గోదాముకు కాపలా చేరాడు. కొన్నేళ్ళకు మళ్ళీ తోటివేషం నాడు, బొగ్గు పూసుకుని అతని ముందుకు వెళ్ళాను. జాతరలో వేషగాడు ఎవరిని ఏం తిట్టినా పట్టింపు ఉండదు. ఆ ధైర్యంతోనే వెళ్ళాను.

"ఆ మేస్త్రీ దొంగనాయాలు! కడ్డీ సూడనే లేదు! నిన్ను నిలువునా ముంచినాడు!" అని అరిచాను.

దేవదానం నన్ను గుర్తుపట్టాడు. పడీ పడీ నవ్వాడు. "నిన్ను నువ్వే తిట్టుకుంటావేందబ్బా! ఎండలో తిరిగినావు, నీళ్ళు తాగు," అని చెంబు అందించాడు. ఎడమచేత్తో ఇస్తున్నందుకు మొహమాటపడ్డాడు కూడా. నేను తాగాను.

మొహం కడుక్కుని మళ్ళీ వెళ్ళవలసింది. ఎందుకు వెళ్ళలేదు? షెడ్డు పోతుందని కాదు, అప్పటికి ఆ భయం తీరింది. నన్ను మంచి పనివాడని మనసారా నమ్మిన మనిషి ఆ ఊళ్ళో అతనొక్కడే. ఆ నమ్మకం పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం.

ఇప్పుడు అతను లేడు. కునుకు పట్టింది తనకేనన్న నమ్మకంతోనే పోయాడు. సమాధిలో మట్టి వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. మీరు క్షమించాలని నేను అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఈ మాట ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి, అంతే.

దేవదానం ఆ రోజు తాగలేదు. నిద్రపోలేదు. కడ్డీ నేను చూడలేదు. ఇది రాస్తున్నప్పుడు నా మొహానికి బొగ్గు లేదు.