రెండు కార్ల పంతంలో నా పెళ్లి ప్రయాణం

మొన్న ఆదివారం సాయంత్రం హన్మకొండ సుబేదారిలో మా అమ్మాయి ఇంటి ముందు కుర్రాళ్లు రెండు జట్లుగా రోడ్డుకు అడ్డం నిలబడ్డారు. ఒక జట్టుది విదేశం నుంచి తెప్పించిన పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు, నేలకు కరుచుకున్నట్టు పొట్టిగా ఉంది. ఎదుటి జట్టుది మన దేశంలోనే తయారైన ఎత్తైన నల్ల బండి. రెండూ ముందుకు కదలవు, ఉన్నచోటనే రంకెలు వేస్తూ టైర్లు తిప్పి పొగ లేపుతాయి. రబ్బరు కాలిన కంపు మా వంటింటి దాకా వచ్చింది. ఇంజనీరింగు చదువుతున్న మనవడు అదంతా వీడియో తీసి నెట్లో పెట్టి, ఫోను పట్టుకొచ్చి, దాని కింద అప్పటికే జనం రాస్తున్న మాటలు చూపించాడు. ఏ కారు గొప్పదో తేల్చుకోవడానికి ఒకరి తల్లిని ఒకరు తిట్టుకుంటున్నారు. "నువ్వు ఏ సైడు నానీ?" అని వాడు ఈ అమ్మమ్మను నవ్వుతూ అడిగితే కిటికీ మూసేశాను. వాడికి చెప్పినా అర్థం కాదు గానీ, నా ఈడు వాళ్లకు అర్థమవుతుంది. ఈ రోత నాకు పెళ్లినాడే పరిచయం.

మాది ఖిలా వరంగల్. నాన్న తమ్ముణ్ణి చిచ్చా అనేవాళ్లం; ఆయన అంబాసిడర్ టాక్సీ నడిపేవాడు, దాన్ని తుడిచినంత శ్రద్ధగా తన పిల్లల ముక్కులు ఎన్నడూ తుడవలేదని చిన్నమ్మ విసుక్కునేది. అమ్మ తమ్ముడు మామూ. ఆయన గల్ఫులో ఏళ్లకేళ్లు పనిచేసి, తిరిగొస్తూ బొంబాయిలో ఎవరో వాడిన ఎర్రటి విదేశీ స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. రెండే తలుపులు, వెనక సీటు పిల్లలకు తప్ప పనికిరాదు, మా గల్లీ గుంతల్లో అడుగు గీసుకోకుండా ఇల్లు చేరదు, అయినా దాన్ని చూడటానికి జనం విరగబడ్డారు. ఆనాటి నుంచి చిచ్చాకు అన్నం సహించలేదు. మామూ పక్షం అంబాసిడర్‌ను ఎద్దుబండి అనేది, చిచ్చా పక్షం ఎర్రకారును సబ్బుపెట్టె అనేది. ఇరుపక్షాల్లోనూ సొంతానికి సైకిలు కూడా లేనివాళ్లే ఎక్కువ, అరుపులు మాత్రం వాళ్లవే పెద్దవి.

నా నిఖా అయిన మధ్యాహ్నం, అప్పగింతల వేళ, పెళ్లికూతురు ఏ కారెక్కాలన్న దగ్గర పంచాయతీ మొదలైంది. అత్తవారిది ములుగు. అమ్మ నన్ను పట్టుకుని ఏడుస్తుంటే ఆమె తమ్ముడూ మరిదీ ఆమె తల మీదుగా అరుచుకున్నారు. చివరికి పెద్దమనుషులు చెప్పిన తీర్పు ఇది: పెళ్లికొడుకు ఎర్రకారులో, పెళ్లికూతురు అంబాసిడర్లో. అప్పుడే ఒకటైన ఇద్దర్ని రెండు బళ్లకు పంచి, అదే న్యాయమని అందరూ తలలూపారు.

హన్మకొండ దాటేవరకు బుద్ధిగానే వెళ్లాం. ఊరి ఇళ్లు పలచబడగానే ఎర్రకారు హారన్ మోగించి మమ్మల్ని దాటింది, చిచ్చా పళ్లు కొరికాడు, ఇక ఆ పరుగుకు అదుపు లేదు. నా పక్కన మేనత్త కళ్లు మూసుకుని దువా చదువుతోంది. ఆత్మకూరు దాటాక రోడ్డంచున మిరపకాయలు ఎండబోశారు. మాకు దారి ఇవ్వకూడదని మామూ అడ్డం జరిగి వాటి మీదుగానే పోయాడు. ఆయన వెనకే చిచ్చా. మిరపకాయలు తిరగేస్తున్న ఆడమనిషి వెనక్కి దూకడం నేను చూశాను. నలిగిన మిర్చి ఘాటు కారులోకి కొట్టి గొంతులు పట్టేశాయి.

"ఆపు చిచ్చా, ఆమె మిర్చి ఖరాబ్ చేసినం" అన్నాను.

"ఆపితే వాడు పోతడు బిడ్డా. జర ఓర్చుకో."

ఓర్చుకోవడం నా చేతుల్లో లేకపోయింది. దగ్గుతో పాటు పెళ్లి బిర్యానీ అంతా పైకొచ్చి, నా దుపట్టా మీదా ఆయన కొత్త సీటు కవరు మీదా పడింది. అప్పుడు ఆపాడు. తువ్వాలు తీసి మొదట సీటు కవరే తుడిచాడు. ఎర్రకారు వెనక్కి వచ్చింది. మామూ దిగి, "నా బండిల ఇంతవరకు ఎవ్వరు కక్కలే" అన్నాడు. "నీ బండిల మనిషి కూసుంటె గద, కక్కుడు" అని చిచ్చా. ఎర్రకారు ముందు సీట్లో నవ్వుతూ కూర్చున్న పెళ్లికొడుకు నన్ను చూసి నవ్వు ఆపాడు.

నేను వెనక్కి నడిచాను. ఆ ఆడమనిషిది మా అమ్మ వయసు. నలగనివి ఏరి కొంగులో వేసుకుంటోంది. తిడుతుందనుకున్నాను, నా బట్టలు చూసి, "ఎవలి పెండ్లి బిడ్డా?" అంది. "నాదేనమ్మా" అన్నాను. కుండలో నీళ్లు వంచి తన చేత్తో నా మొహం కడిగింది. ఆమె పక్కనే కూర్చుని మిరపకాయలు ఏరాను. మేనత్త కూడా వచ్చి కూర్చుంది. మగవాళ్లు ఎవరు గెలిచారన్నది ఇంకా తేల్చుకుంటున్నారు.

అంతలో ములుగు బస్సు వచ్చింది. చెయ్యెత్తాను. "పెండ్లిపిల్ల బస్సుల పోతే ఇజ్జత్ ఉంటదా?" అని మామూ పరుగెత్తుకొచ్చాడు. ఆయన మొహం కూడా చూడబుద్ధి కాలేదు. నేనూ మేనత్తా ఎక్కేశాం. పెళ్లికొడుకు రెండు కార్ల మధ్య కాసేపు నిలబడి, కండక్టరు విజిల్ వేశాక పరుగెత్తి ఎక్కాడు. నా సీటు దగ్గరకొచ్చి, "జర జరుగు" అన్నాడు. మా కాపురంలో అదే మొదటి మాట. జరిగాను.

మర్నాడు అత్తవారింట్లో వలీమా విందుకు చిచ్చా, మామూ ఇద్దరూ వచ్చారు, చెరో మూల తలొంచుకుని తిన్నారు. ఏడాది దాకా నా ఎదుటపడితే తప్పుకునేవాళ్లు, ఇంట్లో ఎవరైనా ఆ ప్రయాణం మాటెత్తితే లేచి బయటికి నడిచేవాళ్లు. అయినా ఆ ఆడమనిషి దగ్గరికి మళ్లీ వెళ్లి తప్పయిందని అన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు రోతే. ఇద్దరూ పోయారు, ఆ రెండు కార్లూ ఏ పాత ఇనుప సామాన్ల కొట్టులో కలిశాయో తెలియదు. వాళ్లు చేసింది నీచమే, ఆ సంగతి వాళ్లకూ తెలుసు, అందుకే దాచుకున్నారు. ఇప్పటి కుర్రాళ్లు అదే రోతను నడిరోడ్డు మీద అందరికీ చూపించుకుంటుంటే, ఆ దాచుకోవడమే నయమనిపించే రోజు వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.