మూడో మజిలీ నాయకుడు

మా తాతగారు కట్టించి ఇచ్చిన రేకుల షెడ్డులో మా సైకిలు క్లబ్బు నడిచేది. మలేసియాలో ఇప్పుడు తెలుక్ ఇంటాన్ అంటున్న ఊరిని అప్పట్లో తెలుక్ ఆన్సన్ అనేవారు. ఆయన కాలంలో ఆ ఊరి బజారు వీధిలో మా దుకాణాలు వరసగా ఉండేవి. చుట్టుపక్కల రబ్బరు తోటలకు బియ్యమూ ఎండుచేపలూ మా గిడ్డంగుల నుంచే వెళ్ళేవి. జపాను వాళ్ళు వచ్చి వెళ్ళేసరికి దుకాణాలు లేవు, తాతగారు లేరు, నాన్నగారూ లేరు. అమ్మా నేనూ ఒక మేడ మీద వెనక గదుల్లో అద్దెకు ఉండేవాళ్ళం. నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాని. షెడ్డును ముందే క్లబ్బుకు రాసిచ్చేశారు కాబట్టి అది మాత్రం మిగిలింది.

మెర్డేకా, అంటే మలయాకు స్వాతంత్ర్యం, వచ్చి కొన్ని నెలలే అయింది. కొత్త జెండాతో మొదటిసారి పరాయి దేశానికి ఒక సైకిలు జట్టును పంపుతారనీ, అందులోకి మనుషుల్ని ఏరడానికి కౌలాలంపూర్ నుంచి ఇపో దాకా మూడు మజిలీల పందెం పెడుతున్నారనీ తెలిసింది. మా పెరాక్ రాష్ట్రం వాళ్ళలో అందరికన్నా ముందు నిలిచిన ఒక్కరినే తీసుకుంటారు. ఆ ఒక్కరూ నేనే కావాలనుకున్నాను. మా ఇంటి పేరు దుకాణాల బోర్డుల మీద చెరిగిపోయి పదేళ్ళు దాటింది. అది నలుగురి నోటా మళ్ళీ ఒక్కసారి వినపడాలన్న కోరిక తప్ప నాకు వేరే కోరికేదీ ఉండేది కాదు.

మా క్లబ్బులోనే ఇంకొకరు కూడా ఆ స్థానం కోరుకున్నారు. అతను ఊళ్ళో టెలిగ్రాములు పంచే మనిషి. తండ్రి తమిళుడు, తల్లి మన తెలుగావిడ. ఇద్దరూ తోటలో రబ్బరు పాలు గీసినవాళ్ళు. పగలంతా సైకిలు మీదే అతని ఉద్యోగం, సాయంత్రం మళ్ళీ మాతో సాధన. గడ్డం హ్యాండిలుకు ఆనేటంతగా వంగి తొక్కేవాడు. నేను నిటారుగా కూర్చుని తొక్కేవాణ్ణి. అది అతనికి పెద్ద వేడుక. అక్కడి వాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి ఎగతాళి చేసేవాడు.

"ఏటి బాబూ, నడుము ఒంగదేటి? గాలి నీకు సలాం కొట్టి పక్కకి తప్పుకోదు లా."

"మా ఇంట్లో ఎవరి నడుమూ వంగలేదు."

"అందుకే గావాల, మొత్తం ఒకేపాలి ఇరిగిపోనాది."

షెడ్డులో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మాట తర్వాత అతనితో పని ఉంటే తప్ప మాట్లాడలేదు.

జట్టుకు నలుగురు. ఇలాంటి పందెంలో నలుగురూ నలుగురి కోసం తొక్కితే ఎవరూ గెలవరు. ముందు వెళ్ళేవాడు గాలిని చీలుస్తాడు, వెనక వాడికి ఆ మేరకు కాళ్ళ బలం మిగులుతుంది. అందువల్ల జట్టు ఒకరిని నాయకుడిగా నిలబెట్టి, మిగతా వాళ్ళు అతని కోసం గాలి మొయ్యాలి. ఆ నాయకుడు ఎవరన్నదాని మీద క్లబ్బు రెండుగా చీలింది. తాతగారిని ఎరిగున్న పెద్దలు నా పక్కన, కుర్రకారు అతని పక్కన. చివరికి క్లబ్బు పెద్దగా ఉన్న తెలుగు బడి మాస్టారు ఇద్దరినీ పిలిచి ఎదురుగా నిలబెట్టారు.

"మీ తాత షెడ్డు కట్టినాడని నీకివ్వను. నీ ఎనకాల పిల్లలు కేకలేత్తన్నారని నీకూ ఇవ్వను. రెండు రోజులు ఎవడిది వాడు తొక్కండి. రెండో మజిలీకి ఎవడు ముందుంటే మూడో రోజు వాడే నాయకుడు, రెండో వాడు వాడికి పని సెయ్యాల. ఒప్పుకున్నట్టేనా?"

ఒప్పుకున్నాం.

మొదటి రోజు మా జట్టులో ఒకడు పడి మోకాలు చీరుకున్నాడు. రెండో రోజు ఇంకొకడు జ్వరంతో ఆగిపోయాడు. ఆ సాయంత్రం పందెం మా ఊరికే చేరింది. లెక్క చూస్తే నేను అతనికన్నా కాస్త ముందున్నాను. పెరాక్ వాళ్ళలో మా ఇద్దరికన్నా ముందు ఇపో ఆసామీ ఒకడే ఉన్నాడు. టెలిగ్రాం మనిషి మొహం కడుక్కుని తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"సరే బాబూ. రేపు నీ గాలి నాను మోత్తాను."

"మనసు మారితే?"

"మాటిచ్చినాను. మాట తప్పడం పెద్దింటోళ్ళకే కుదురుతాది, మాకు కుదరదు లా."

స్వాతంత్ర్యం వచ్చినా మా వైపు ఊళ్ళ చుట్టూ ముళ్ళకంచెలు ఇంకా తియ్యలేదు. అడవిలో దాక్కుని పోరాడుతున్న కమ్యూనిస్టులకు చేరుతుందని బియ్యం గింజ కూడా ఊరి గేటు దాటనిచ్చేవారు కాదు. పందెగాళ్ళకూ అదే చట్టం. కంపార్ ఊళ్ళో, కంచె లోపల, నిలబడి తిని మళ్ళీ ఎక్కాలి. దారిలో పోలీసులు ప్రతి ఒక్కరినీ దింపి వెతక్కుండా ఒక పద్ధతి పెట్టారు. అందరం చొక్కా వెనక జేబులు బయటికి లాగి తిరగేసి తొక్కాలి. ఆ మూడు రోజులూ మేమందరం వెనక నాలుకలు వేలాడదీసుకున్న వాళ్ళలా ఉన్నాం.

మూడో రోజు పొద్దున బయలుదేరే చోటికి అమ్మ వచ్చింది. రాముడి గుళ్ళో జట్టు నలుగురికీ సరిపడా చేయించిన పులిహోర, అరిటాకులో చుట్టి గుడ్డలో కట్టి తెచ్చింది.

"ఇపో సేరినాక కళ్ళకద్దుకుని తినండి. ఎనకాల జేబులో మాత్రం ఎట్టకు నాయనా. కూకునే కాడ ప్రసాదం ఎడతారేటి?"

అది సబబే అనిపించింది. చొక్కా లోపల, గుండె మీద పెట్టుకున్నాను. చట్టం నాకు గుర్తులేక కాదు. ప్రసాదం తిండి కింద లెక్కని నాకు తోచలేదు. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

లంకాప్ దాటాక మొదటి తనిఖీ గేటు వచ్చింది. గుంపు మొత్తం నెమ్మదించి, తిరగేసిన జేబులు చూపిస్తూ సాగిపోతోంది. నా వంతు వచ్చేసరికి మలయ్ కానిస్టేబుల్ చెయ్యి అడ్డంపెట్టాడు. జేబులు ఖాళీగా ఉన్నాయి గానీ నా రొమ్ము ఎత్తుగా ఉంది. నిటారుగా కూర్చునేవాణ్ణి కదా, ఇంకా బాగా కనిపించి ఉంటుంది.

మూట విప్పించాడు. "అన్నం," అన్నాడు మలయ్‌లో, నమ్మలేనట్టుగా. జేబులు ఖాళీ చేసి లోపల దాచాననుకున్నాడు. గేటు పక్కన పట్టుకున్న తిండి పారబోసే పీపా ఒకటి ఉంది. "అందులో వేసి వెళ్ళు. లేదంటే స్టేషనుకు రావాలి."

"ఇది దేవుడి దగ్గర పెట్టింది. పీపాలో వెయ్యను."

"అయితే స్టేషనుకు పద."

స్టేషనుకు వెళ్ళానంటే పందెం పోయినట్టే. పైగా గుమాస్తా ఉద్యోగమూ పోవచ్చు. అది తెలిసి కూడా నా చేతులు ఆ మూటను వదలలేదు. అవతల గుంపు దుమ్ములో కలిసిపోతోంది. అందులో ఇపో ఆసామీ ఉన్నాడు. టెలిగ్రాం మనిషి అప్పటికే గేటు దాటాడు. అతను అలాగే వెళ్ళిపోయి ఉంటే తప్పుపట్టేవాళ్ళు లేరు. నాయకుణ్ణి పోలీసులు పట్టుకుంటే అతను చేయగలిగిందేముంది? దేశపు జట్టులో చోటు కూడా అతనికే దక్కి ఉండొచ్చు.

అతను సైకిలు తిప్పుకుని వెనక్కి వచ్చాడు.

"ఏటయింది?"

చెప్పాను. మూట వంకా పీపా వంకా చూశాడు. తర్వాత కానిస్టేబుల్‌ను మలయ్‌లో చాలా మర్యాదగా అడిగాడు. "అయ్యా, గేటు దాటించకూడదు, అంతే కదా? ఇక్కడే కడుపులో వేసుకుంటే?"

కానిస్టేబుల్‌కు చట్టంలో దానికి అడ్డేమీ కనిపించలేదు కాబోలు, తుపాకీ భుజం మార్చుకుని పక్కకు జరిగాడు.

"కూకో బాబూ," అని టెలిగ్రాం మనిషి రోడ్డు పక్కన గట్టు మీద చతికిలబడ్డాడు. ఆకు మా ఇద్దరి మధ్యా పరిచాం. నలుగురి ప్రసాదం ఇద్దరం తిన్నాం. నా ఎదురుగా ఒకే ఆకులో అతను చెయ్యి పెట్టాడు, నేనూ పెట్టాను. ఒక ముద్ద కానిస్టేబుల్‌కు ఇవ్వబోతే ఆయన అరచెయ్యి గుండె మీద పెట్టుకుని వద్దన్నాడు, నవ్వాడు కూడా.

"తొరగా మింగు. పెళ్ళి బోజనానికి కూకున్నట్టు కూకున్నావు."

మళ్ళీ సైకిళ్ళెక్కేసరికి దారి మీద ఎవరూ లేరు. కంపార్ వైపు ఆ దారంతా తగరం తవ్వేసిన ఇసుక మేటలు, చెట్టూ చేమా లేని బయలు. గాలి ఎదురుగా కొడుతోంది. మాట ప్రకారం అతను నా ముందుకు వెళ్ళి వంగి తొక్కడం మొదలుపెట్టాడు. సన్నటి మనిషి, అతని చాటున నాకు సగం గాలి తగులుతూనే ఉంది. ఇలా వెళితే ఇద్దరమూ ఆలస్యంగానే చేరతామని నాకు అర్థమైంది. బయలులో గాలికి నిలిచేది నా ఒళ్ళు. గోపెంగ్ దగ్గర ఎత్తు ఎక్కగలిగేవి అతని కాళ్ళు. ముందున్న వాళ్ళను ఎవరైనా అందుకోగలిగితే అది అతనే.

"నా వెనక్కి రా," అన్నాను.

"నాను మోత్తానన్నాను గదా."

"నాయకుడెవరు?"

"నువ్వే."

"అయితే చెప్పింది విను. గోపెంగ్ ఎత్తు దాకా నా చాటున ఉండు. అక్కడ నన్ను వదిలేసి పో."

అతను సైకిలు నా పక్కకు తెచ్చాడు.

"అమ్మగారికేటి సెప్తావు?"

"అది నా పని."

"పులిహోరలో ఉప్పు రవ్వంత తగ్గిందని కూడా సెప్పు." అని వెనక్కి జరిగాడు.

కంపార్‌లో అందరూ ఆగి తింటుంటే మేం ఆగలేదు, మాకు ఆకలి లేదు. గేటు దగ్గర పోగొట్టుకున్న దాంట్లో కొంత అక్కడ తిరిగొచ్చింది. గుంపు తోక దూరంగా కనిపించింది. నేను జీవితంలో అంత కష్టపడి ఎప్పుడూ తొక్కలేదు. అతను నా చాటున చప్పుడు లేకుండా ఉన్నాడు. ఎత్తు మొదలవగానే నా కాళ్ళు అయిపోయాయి.

"ఇక పో," అన్నాను.

పోయాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే అందులో జాలి ఉందేమోనని నేను ఈనాటికీ వెతుక్కుంటూ ఉండేవాణ్ణి.

నేను ఇపో మైదానం చేరేసరికి జనం పల్చబడుతున్నారు. టెలిగ్రాం మనిషి ఇపో ఆసామీని ఊరి పొలిమేరలో దాటి మూడు రోజుల లెక్కలోనూ ముందు నిలిచాడనీ, కొత్త జట్టులోకి పెరాక్ నుంచి అతన్నే పిలిచారనీ అప్పటికే తెలిసిపోయింది. మాస్టారు నన్ను చూసి మండిపడ్డారు.

"నాయకుణ్ణి సేత్తే ఇదేటి సేసినావు?"

"నాయకుడి పనే చేశాను మాస్టారూ."

మా తాతగారి చెయ్యి ఎప్పుడూ పైన ఉండేది. ఆయన తర్వాత మా ఇంట్లో అందరివీ పుచ్చుకునే చేతులే అయ్యాయి. పుచ్చుకోవడం నాకు ఎప్పుడూ చేత కాలేదు. ఇవ్వడానికేమో నా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఆ ఒక్క మధ్యాహ్నం ఇవ్వదగ్గది ఒకటి నా చేతిలో ఉంది. ఎదుటి మనిషి బతిమాలించుకోలేదు, మొహమాటపడలేదు, తర్వాత ఎప్పుడూ దాన్ని గురించి ఎత్తలేదు. నాయకుడు చెప్పాడని తీసుకున్నాడు, కాళ్ళలో ఉన్నదంతా పెట్టి నిలబెట్టాడు. అందుకు నేను అతనికి రుణపడి ఉన్నాను.

ఓడకు బయలుదేరే ముందు అతను మా మేడ ఎక్కి వచ్చాడు. కొత్త జెండా గుర్తు కుట్టిన చొక్కా తొడుక్కుని, గుమ్మం దగ్గర నిటారుగా నిలబడ్డాడు.

"బాగుందేటి బాబూ?"

భుజం దగ్గర ముడత పడి ఉంటే నేనే సరిచేశాను. బాగుందన్నాను.