మా నాయిన డ్యూటీ, మా పాప చెవి

నేను ఏడో తరగతితో బడి మానేసినప్పుడు హెడ్మాస్టరు మా ఇంటికి వచ్చినాడు. మళ్లీ పంపించమని బతిమాలడానికి వచ్చినాడనుకొని మా అమ్మ కాఫీ పెట్టింది. ఆయన తీరిగ్గా కాఫీ తాగి, "చాలా సంతోషం అమ్మా" అని చెప్పి వెళ్లిపోయినాడు.

అట్లాంటి నేను పెద్దయినాక ఆరోగ్య బీమా మీద ఉపన్యాసాలు ఇచ్చినానంటే, ఆ తప్పు రైలుది. మా ఊరి బంగారు గని మూసేసినాక సగం మందికి బెంగళూరే గతి. నేను అక్కడ గోడలకు పెయింటు కొట్టే పనికి పోయేవాణ్ణి. రోజూ అదే పెట్టె, అదే సీటు, అవే మొహాలు. బంగారుపేట దాకా పేకాట, అక్కణ్ణించి రాజకీయం.

ఆ ఏడు, బీదవాళ్ల పిల్లలకు ఆపరేషన్ ఖర్చు సర్కారే పెట్టుకుంటుందని, దానికి కార్డు ఇస్తామని అన్నారు. ఎలక్షన్ దగ్గర్లో ఉండాది కాబట్టి ఒక పార్టీవాళ్లు మేమే తెచ్చినామన్నారు, ఇంకొకరు ఇది చాలదన్నారు, మూడోవాళ్లు ఖజానా గుల్ల అన్నారు.

నా ఎదురు సీటులో రాబర్ట్‌సన్‌పేట నుంచి వచ్చే బ్యాంకు గుమాస్తా ఒకాయన కూర్చునేవాడు. అందరం సార్ అనేవాళ్లం.

"ఏమప్పా, ఊరికే ఇస్తే జనం సోమరులైపోరా?" అన్నాడు ఒకరోజు.

"నిజమే సార్. రేపట్నించీ పిల్లకాయలు ఆటలు మానేసి ఆపరేషన్లు చేయించుకుంటా కూర్చుంటారు."

పెట్టెంతా నవ్వింది. సార్ నవ్వలేదు. "బీదవాళ్లకిస్తే నేను వద్దంటానా? మీ గని కంపెనీ కట్టించిన లైన్ ఇళ్లలో ఉండేవాళ్లు బీదవాళ్లెట్లా అవుతారు? గట్టి ఇల్లుంది, కరెంటుంది."

నేను నవ్వినాను గానీ, లోపల దిగులుగానే ఉండాది. మా పాపకు పసితనం నుంచీ చెవుల్లో చీము. కోలారు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చూసి, రెండు చెవుల్లోనూ కర్ణభేరికి రంధ్రం పడింది, తొందరగా ఆపరేషన్ చేయకపోతే ఉన్న వినికిడి కూడా పోతుందని చెప్పింది. ఆ ఖర్చుకు నేను పెయింటు కొట్టిన బంగళా ఒకటి అమ్మితే సరిపోతాది. ఏం చేసేది, అది నాది కాదు. కార్డు వస్తేనే ఆపరేషన్.

కార్డు రాలేదు.

ఎందుకు రాలేదంటే, సర్వే చేసే అమ్మ ఇల్లిల్లూ తిరుగుతా మా ఇంటికి వచ్చినప్పుడు నేను బెంగళూరులో నిచ్చెన మీద ఉండాను. ఇంట్లో ఉన్నది ఒకప్పుడు ఆ గనిలో దిగిన మా నాయిన. సర్కారు మనిషి వచ్చిందని పెట్టెలోంచి కంపెనీ చొక్కా తీసి తొడుక్కున్నాడంట.

"ఏం పని తాతా?"

"కంపెనీలో. అండర్‌గ్రౌండ్."

ఆమె అదే రాసుకొని పోయింది. కంపెనీ ఉద్యోగమైతే కంపెనీ ఆసుపత్రే చూసుకుంటాదని పైవాళ్లు మా పేరు కొట్టేసినారు. అప్పటికి ఆ ఆసుపత్రికి తాళం పడి, వరండాలో మేకలు కాపురం పెట్టి ఉండాయి. మా ఇల్లొకటే కాదు, లైన్లో ముసలాయనలంతా ఆ మాటే చెప్పినారు. ఇంత సులభంగా నిరుద్యోగం తీసేసిన ఊరు ఇంకొకటి లేదు.

ఆ సాయంత్రం మా నాయినతో గొడవ పెట్టుకున్నాను.

"గని మూసేసి ఎంత కాలమాయ! యాడుండాది నాయినా నీ డ్యూటీ?"

"మూసింది వాళ్లు. నేను మానుకోలేదు."

"అయితే ఇన్నేళ్లూ ఆబ్సెంటు. ఎప్పుడో డిస్మిస్ చేసుంటారు."

ఆయన మొహంలో నవ్వు లేదు. "అయినా పాపకేమైందిరా? నీ పాడు జోకులకు అందరికంటే ముందు నవ్వేది అదే. చెవుడుంటే నవ్వుతాదా?"

నిజంగానే, నేను మాట ముగించకముందే పాప నవ్వేసేది.

కొన్నాళ్లకు మా నాయిన శ్రీనివాసపురం పోయి ఒక సంచి మామిడిపండ్లు తెచ్చినాడు. పాపకు మామిడంటే ప్రాణం. వాకిట్లో అటు తిరిగి తొక్కుడుబిళ్ల గీతలు గీసుకుంటా ఉండాది. "పాపా, మామిడిపండ్లు!" అన్నాడు. తిరగలేదు. ఇంకా గట్టిగా అరిచినాడు. లైన్లో పిల్లకాయలంతా పరిగెత్తుకొచ్చి సంచి ఖాళీ చేసినారు. పాప మాత్రం గీతలు గీస్తానే ఉండాది. మా నాయిన ఖాళీ సంచి పట్టుకొని పోయి పాప ఎదురుగా ఆ గీతల మీదే కూర్చున్నాడు.

మరుసటి వారం రాబర్ట్‌సన్‌పేటలో కార్డుల జాబితాలో తప్పులు సరిదిద్దే సభ పెట్టినారు. సార్ కూడా వచ్చి, కంపెనీ ఇళ్లలో వాళ్లకు కార్డెందుకని ఆఫీసర్ను అడిగినాడు. మా నాయిన లేచి మైకు పట్టుకున్నాడు, చొక్కా మాత్రం కంపెనీదే.

"ఇల్లు కంపెనీది సార్. కప్పు కంపెనీది. కప్పు మీద బల్లి గూడా కంపెనీదే. పాప ఒకటే మాది." తర్వాత ఆఫీసరు వైపు తిరిగి, గొంతు తగ్గించి, "రాసుకో నాయనా. నాకు పని లేదు" అన్నాడు.

ఆ ఒక్క మాట అనడానికి ఆయనకు ఇన్నేళ్లు పట్టింది. ఆయన వెనకాలే లైన్లో ముసలాయనలంతా ఒక్కొక్కరే లేచి పని లేదని చెప్పుకున్నారు.

సార్ తన మాట మార్చుకోలేదు. కానీ మరుసటి రోజు రైల్లో పేకముక్కలు పంచుతా, "పాపకు ఆపరేషన్ ఎప్పుడప్పా?" అని అడిగినాడు.

కార్డు వచ్చింది, ఆపరేషన్ అయింది. చెవులు బాగా మానినాక ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చొనుంటే నేను నా హెడ్మాస్టరు కాఫీ కథ ఎత్తుకున్నాను. అందరూ నవ్వినారు. పాప నవ్వలేదు.

"ఏం పాపా, వినబడలేదా?"

"బాగా వినబడింది నాయినా. ముందంతా నువ్వు కనుబొమ్మలు ఎగరేస్తే చూసి నవ్వేదాన్ని. ఇన్నాళ్లూ నేను నవ్వింది దీనికా?"